అమ్మవారి నూనె తాగిన ఎలుగు

మొన్నొక మధ్యాహ్నం భోంచేసి నడుం వాలుద్దామనుకునేసరికి ఫోను మోగింది. మా అన్నయ్య కూతురు లలిత ఒక వీడియో పంపింది. లలితని భోగాపురం దాటాక సరుగుడుతోటల మధ్య ఉన్న ఊరికిచ్చాం. ఆ ఊరి చివర చిన్న గుడి, గుడి అరుగు మీద నల్లటి ఎలుగుబంటి. వెనకకాళ్ళ మీద నిలబడి, గూట్లో ఉన్న దీపపు కుందిని కిందికి లాగి, తీరుబడిగా నూనె నాకుతోంది. వీడియో తీస్తున్నవాళ్ళు "అమ్మోరే! అమ్మోరే వొచ్చినాది!" అని గుసగుసలాడుకుంటున్నారు. కింద లలిత రాసింది: "అత్తా, ఈ ఊళ్ళో ఇంతకుముందు ఎవరూ ఎలుగుని చూడలేదట. మా అత్తగారు దానికోసమే రోజూ కుంది నిండా నూనె పోయిస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలొస్తున్నాయి." చివర చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టింది.

నాకు చేతులు జోడించబుద్ధి కాలేదు. ఒళ్ళు మండింది. వెంటనే ఫోన్ చేసి, "ఒసే, ఆ నూనె గుడికి ఎవరు పట్టుకెళ్తున్నారే?" అన్నాను. "నేనే అత్తా, సాయంత్రం పనయ్యాక వెళ్ళి పోసొస్తాను," అంది గొప్పగా. ఇంక వెళ్ళొద్దంటే, "ఎలా కుదురుతుంది? ఊరంతా మా ఇంటివైపే చూస్తోంది. మా అత్తగారికి నేనేం చెప్పను?" అని ఎదురు నన్నే అడిగింది. బడిలో ఉన్న రోజుల్లో నేను దగ్గితే చాలు, పిల్లలు సర్దుకుని కూర్చునేవారు. రిటైరయ్యాక నా దగ్గుని లెక్కచేసేవాళ్ళు లేరు. "సరే, మీ అత్తగారు ఎవరి మాట వింటుందో ఆవిడ దగ్గరికే పోతాను. అంతవరకు గుడి ఛాయలకి పోయావంటే కాళ్ళు విరగ్గొడతాను," అని చెప్పి, మర్నాడు పొద్దున్నే విజయనగరంలో రైలెక్కాను.

వెళ్ళింది ఉద్దానంలో మా చిన్నత్త ఇంటికి. చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు పార్వతి. పళ్ళు ఊడిపోయాయి గానీ మాట పదును తగ్గలేదు. వరండాలో చాప మీద కూర్చుని జీడిపిక్కలు ఏరుతోంది. ఎప్పటిలాగే తలమీంచి కొంగు కప్పుకుని ఉంది. ఎంత ఎండ కాసినా, ఇంట్లో మేమిద్దరమే ఉన్నా ఆ కొంగు జారనివ్వదు. నేను ఫోన్ చేతికిస్తే కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వీడియో చూసింది, మళ్ళీ చూసింది. "బలే మరిగినాదే నూనికి," అంది. తర్వాత, "సాయంత్రం పూట సెంబట్టుకుని ఎల్తన్నది ఎవులు?" అని అడిగింది. మన లలితే అన్నాను. చిన్నత్త ఫోన్ నా ఒళ్ళో పెట్టేసి, ఏరుతున్న పిక్కల చాటని పక్కకి తోసేసింది. "అప్పుడు నాను, ఇప్పుడు మన గుంటేటి? మీ మామ్మే గానీ ఉంటే ఆ ఊరోల్లందరికీ గడ్డెట్టును," అంది.

మామ్మ అంటే నాన్నని, చిన్నత్తని కన్న సూరమ్మ. మా బంధువుల్లో ఆవిడ మాట ఎవరు ఎత్తినా నాకు ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, దాచుకోవడమెందుకు. పొట్టి మనిషి, నల్లటి మనిషి, నుదుటిమీద పైసా అంత బొట్టు. చదువు లేదు. తోటలమ్మ దీపం మాత్రం ఆవిడ అత్తగారి అత్తగారి నాటినుంచీ మా ఇంటి వంతు. తోటలమ్మ మా ఊరి జీడిమామిడి తోటల నడుమ ఉండే అమ్మవారు. గోపురం లేదు, ప్రాకారం లేదు. పెంకుల కప్పు కింద ఒక రాయి, రాయి పక్కన గూడు, గూట్లో ఇత్తడి కుంది. పొద్దుగుంకేవేళ ఆ కుందిలో దీపం పెడితే తెల్లవారేదాకా వెలగాలి. అంతే మా సేవ. అదేదో రాజ్యమేలుతున్నట్టు ఉండేది మామ్మ నడక, ఆ దీపం పెట్టడానికి వెళ్ళేటప్పుడు.

ఆ దీపానికి ఇప్పనూనె తప్ప ఇంకోటి వాడేది కాదు. సంతకి కొండమీంచి ఇప్పపిక్కలు దిగేవి. మామ్మ ఎండుచేపలో ఉప్పో ఇచ్చి మార్చుకుని, ఎండబెట్టి, గానుగకి పంపేది. నూనె ఇంటికొచ్చిన రోజు ఇల్లంతా ఒక వాసన, తియ్యగానూ ఉండేది, చేదుగానూ ఉండేది. చలికాలం వస్తే నెయ్యిలా పేరుకుపోయేది. దాన్ని నిప్పుల పక్కన పెట్టి కరిగించడం నా పని. తొడమీద దూది పెట్టి వత్తులు చెయ్యడం చిన్నత్త పని. వేసవిలో ఈ వాసనకి తోడు తోటల్లో రాలిపడి మాగిపోయిన జీడిమామిడి పళ్ళ వాసన, మూల పండేసిన పనసకాయల వాసన, పెరట్లో పిక్కలు కాలుస్తుంటే కళ్ళు మండించే పొగ. పిక్కల జీడి తగిలి మా వేళ్ళ చివర్లు చర్మం ఊడేవి. మామ్మ బూడిద పూసి, "ఏడవకే, సేతులు సెడ్డా జీడిపప్పు తీపే గదా," అని ఒక పప్పు నోట్లో పెట్టేది. ఇంట్లో ఆడవాళ్ళందరి చేతులూ అలాగే ఉండేవి కాబట్టి మాకది వింతగా ఉండేది కాదు.

ఎలుగు మాకు తెలీని జంతువేం కాదు. అయితే అది తాడుతో వచ్చేది. ఎలుగుని ఆడించేవాడు ఊళ్ళోకి వస్తే, జడుసుకున్న పిల్లల్ని దానిమీద కూర్చోబెట్టి తిప్పించేవారు. దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి మెళ్ళో కట్టేవారు. నా మెళ్ళో కూడా ఒకటి ఉండేది. తాడులేని ఎలుగు పడమటన మహేంద్రగిరి కొండల్లో ఉంటుందనీ, అది అక్కడిదే గాని ఇక్కడికి రాదనీ పెద్దవాళ్ళ లెక్క. కొండకీ మాకూ మధ్య ఎన్ని పొలాలు, ఎన్ని రోడ్లు, రైలుపట్టాలు! సముద్రం హోరు వినిపించే ఇసకనేలకి కొండజంతువు ఎందుకొస్తుంది? కొండమీద అడవి పలచబడుతుంటే మేం ఇక్కడ మైళ్ళకొద్దీ జీడి, పనస పెట్టి, దానికి కొత్త అడవి తయారుచేసి పెట్టామని మాకప్పటికి తట్టలేదు.

ముందు తోటల్లో చెదపుట్టలు పగిలాయి. తర్వాత పనసచెట్టు మొదట్లో కాయలు చీల్చి ఉండేవి, పందుల పనన్నారు. ఆ తర్వాత ఒక తెల్లవారి మామ్మ గుడికి వెళ్ళేసరికి దీపం ఆరి ఉంది, కుందిలో చుక్క నూనె లేదు, ఎవరో కడిగి పెట్టినట్టు తళతళలాడుతోంది. ఆ ముందటి సాయంత్రం మామ్మే గుడి ముంగిట ఇసక ఊడ్చి, నీళ్ళు చల్లి వచ్చింది. ఆ తడి ఇసకమీద పాదాల గుర్తులు. మనిషి పాదాలే, కాస్త వెడల్పు. వేళ్ళకి ముందు చిన్న చిన్న గుంటలు. మామ్మ అక్కడే కూలబడి దణ్ణం పెట్టింది. "ఓలమ్మో! తల్లి దిగి వొచ్చినాదే! మెట్టెల గుర్తులు సూడండే!" అని అరిచిన అరుపుకి పిక్కలు ఏరుతున్న ఆడవాళ్ళందరూ పరిగెత్తుకొచ్చారు. ఆ గుర్తులమీద పసుపూ కుంకమా జల్లి, గాలికి చెరిగిపోకుండా బుట్టలు బోర్లించారు.

నవ్వొస్తోందా? ఎలుగు వెనకపాదం గుర్తు అచ్చం మనిషి పాదంలాగే పడుతుంది, ముందున్నవి దాని గోళ్ళ గుంటలు. మాకు చెప్పేవారెవరు? పైగా అక్కడ చెప్పింది మామ్మ. ఊళ్ళో తగువు తీర్చాలన్నా, బిడ్డకి పేరు పెట్టాలన్నా ఆవిడ మాట అయితేనే జనం లేచి వెళ్ళేవారు. ఆవిడ "అమ్మోరు నూని తాగినాది" అన్నాక ఇంకేముంది! చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెంబులతో బయల్దేరారు. మామ్మ తమ్ముడు గవరయ్య తాత ఊరి పెద్ద. ఆయన తాటాకుల పందిరి వేయించి, మేళం పెట్టించి, కుంది సరిపోవడం లేదని పక్కన పెద్ద గిన్నె పెట్టించాడు. మా ఊరి పేరు చెబితే సంతలో చోటిస్తున్నారని మురిసిపోయేవాడు. తెల్లవారేసరికి గిన్నె ఖాళీ అయ్యేది. ఖాళీ అయినకొద్దీ ఇంకా పోసేవారు. నేనూ కొత్త పరికిణీ కట్టుకుని, "మా ఇంటి దీపమే" అని అందరికీ చెప్పుకు తిరిగేదాన్ని.

చిన్నత్తని గవరయ్య తాత కొడుక్కే ఇచ్చారు. అందుకని ఆవిడ మాకు దూరం పోలేదు, పక్క వీధిలోనే కాపరం. ఆ రోజు మామ్మకి ఒళ్ళు వెచ్చబడితే నూనె చెంబు పట్టుకుని చిన్నత్త బయల్దేరింది, వత్తుల పళ్ళెం పట్టుకుని నేను వెనకాల. పొద్దు కొండ వెనక్కి దిగుతోంది, తోటలో ఇంకా వెలుతురుంది. చిన్నత్త వాళ్ళత్తగారి నడకని అనుకరించి చూపిస్తోంది, నేను పడీపడీ నవ్వుతున్నాను. గుడి మలుపు తిరిగేసరికి గిన్నె దగ్గర నల్లగా ఏదో వంగి ఉంది. దాని వీపుమీద ఇంకో చిన్న నల్లటిది అతుక్కుని ఉంది. అది తలెత్తింది. మూతి నిండా నూనె, గడ్డం కిందినుంచి కారుతోంది. ఆ మూతి ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. చిన్నత్త నన్ను వెనక్కి నెట్టింది. చేతిలో చెంబు దొర్లింది. ఆ చప్పుడుకి తల్లి ఎలుగు ఒక్కసారి లేచి మీదపడి, ఒక దెబ్బ కొట్టి, పిల్లని మోసుకుంటూ తోటలోకి పోయింది. నేను కేకపెట్టేలోపు అంతా అయిపోయింది.

చిన్నత్త బతికింది. నెత్తిమీద చర్మం లేచిపోయింది, చెవి పైభాగం పోయింది. పలాస తీసుకెళ్ళి కుట్లు వేయించారు. ఆవిడని మంచంమీద ఇంటికి మోసుకొచ్చినరోజు మామ్మ నన్ను దగ్గరికి పిలిచి, "ఏటి సూసినావే గుంటా? సూసింది సూసినట్టు సెప్పు," అంది. చెప్పాను. మూతి నిండా నూనె ఉందని చెప్పాను. మామ్మ నా చెయ్యి పట్టుకుని గుడికి నడిచింది. చిన్నత్త పడిన చోట ఇసక ఇంకా నల్లగా ఉంది. దాని పక్కన పాదాల గుర్తులు, వేళ్ళ ముందు గుంటలు. మామ్మ తన పాదాన్ని ఆ గుర్తు పక్కన ఆనించి తీసింది. రెండు గుర్తుల్నీ చూసుకుంది. తర్వాత పందిట్లోకి వెళ్ళి, బుట్టలు ఒక్కొక్కటే ఎత్తి, పసుపు కుంకాల కింద మిగిలిన గుర్తుల్ని చూసింది. ఆవిడ ముఖం అలా పాలిపోవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, తాతయ్య పోయినప్పుడు కూడా.

ఈలోగా మగవాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేశారు. పనసపండులో పురుగుమందు పెట్టి తోటలో వదులుదామన్నారు. గవరయ్య తాత లెక్క ఇంకా చిత్రం. నూనె తాగేది అమ్మవారేనట, ఎలుగు వేరేగా వచ్చిన దొంగట. దొంగని చంపేస్తే ఉత్సవం యథాప్రకారం జరుగుతుందట. మంచంమీంచి చిన్నత్త, తలకి కట్టుతోనే, "మావా, అది నన్ను తినీడానికి రానేదు. మనం పోసిన నూనికి వొచ్చినాది. పిల్లతల్లి. నాను ఎదురుపడితే జడుసుకున్నాది," అంది. మామగారు కోడలి మాట విననట్టు ఊరుకున్నాడు. అప్పుడు మామ్మ ఆయన్ని పెరట్లోకి పిలిచింది. మంగళవారం గుడి దగ్గర జనం కూడినప్పుడు తను నిజం చెబుతానంది. నేను బావి దగ్గర ఉన్నాను, అంతా విన్నాను.

"అప్పా, నీకేటైనా మతి పోనాదేటి?" అన్నాడు తాత. "ఇన్ని ఊర్లు నమ్మీసినాయి. ఇప్పుడు కాదంటే అమ్మోరి పరువేటైపోద్ది?"

"అమ్మోరి పరువు నీ సేతిలో నా సేతిలో ఉన్నాదేటిరా? పోతే నా పరువు పోతాది. పోనీ."

"మనింటిల్లిపాదినీ ఎర్రోల్లంటారప్పా."

"అననీ. ఈపాలి ఇంకే పిల్ల నెత్తయినా సిరిగితే, అప్పుడేటంటారు?" అంది మామ్మ. తాత అలిగి వెళ్ళిపోయాడు.

మంగళవారం వచ్చింది. పందిరి నిండా జనం, అరుగుమీద వరసగా నూనె చెంబులు. మామ్మ ఉతికిన చీర కట్టుకుని, ఎప్పటికన్నా పెద్ద బొట్టు పెట్టుకుని, గుడి గడపమీద నిలబడింది. నేను ఆవిడ కొంగు పట్టుకుని ఉన్నాను. మేళం ఆపమంది. "మీకందరికీ ఒక మాట సెప్పాల. నూని తాగినాది అమ్మోరు కాదు. ఎలుగు. ఆ పాదాలూ దానివే. సూడకుండా, ఆలోసించకుండా మెట్టెల గుర్తులని అరిసింది నాను. మీరంతా నా మాట నమ్మి నూని తెచ్చినారు. నా కూతురు మంచంలో ఉన్నాదంటే నా మాటే కారనం," అంది. తర్వాత గోల మొదలైంది. ఎవరో వెనకనుంచి, "అయితే అమ్మోరు అబద్ధమా?" అని అరిచారు.

"అమ్మోరు అబద్ధం కాదర్రా. నా మాట అబద్ధం," అంది మామ్మ.

తరవాత నా ఉద్యోగంలో ఎంతోమంది పెద్దవాళ్ళని చూశాను, వేదికలమీద, మైకుల ముందు. నలుగురిలో అన్న మాటని ఆ నలుగురిలోనే నిలబడి వెనక్కి తీసుకున్న మనిషిని ఇంకొకరిని చూడలేదు. మా రక్తంలో ఆవిడ రక్తం ఉందని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆ రోజు మాత్రం మాకు అంత గొప్పగా ఏం అనిపించలేదు. కొందరు చెంబులెత్తుకుని తిట్టుకుంటూ పోయారు. ఒకావిడ మా మామ్మ ముందు ఉమ్మేసింది. మామ్మ కదల్లేదు.

ఊరివాళ్ళ అసలు చిక్కు మందు దగ్గర కాదు, దీపం దగ్గర. నూనె లేకపోతే ఎలుగు రాదు, మందు పెట్టే పని లేదు, సరే. రాత్రంతా అమ్మవారిని చీకట్లో కూర్చోబెట్టడమెలాగ? తరతరాలుగా రాత్రంతా వెలిగిన దీపం. "సీకట్లో ఎందుకుంటాది? నా ఇంటికి తెచ్చుకుంటాను," అంది మామ్మ. "పగలు గుల్లో ఎలిగిద్దాం, పొద్దు వాలకముందే దీపం ఎత్తి ఇంటికి తెచ్చీద్దాం, తెల్లారినాక తీసుకెల్లి పెట్టీద్దాం. దీపం ఎక్కడుంటే తల్లక్కడే. కూతురింటికి వొచ్చినట్టు వొస్తాది." దీనికి ముందుగా తలూపింది ఎవరనుకున్నారు? ఇందాక ఉమ్మిన ఆవిడే. కూతురింటికి రావడమన్న మాట ఆడవాళ్ళకి నచ్చేసింది. మగవాళ్ళు గొణుగుతూనే పనసపండు మాట వదిలేశారు.

సముద్రపు గాలికి తోటదారిలో దీపం నిలవదు. మామ్మ కుమ్మరితో చెప్పి, ఒంటినిండా చిల్లులు పొడిచిన కుండ ఒకటి కాల్పించింది. అడుగున ఇసక, ఇసకమీద ప్రమిద. పట్టుకుని నడుస్తుంటే చిల్లుల్లోంచి వెలుగు మన చీరమీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. గుళ్ళో కుందిని కూడా తోమి తుడిచి ఇంటికి తెచ్చేసేవాళ్ళం, ఒకసారి మరిచిపోతే ఎలుగు దాన్ని కొరికి విసిరేసింది. దాని పళ్ళ గాట్లు ఆ ఇత్తడిమీద ఇప్పటికీ ఉన్నాయి. కొన్నాళ్ళు వచ్చి చూసుకుని, ఖాళీ గూడు వాసన చూసి, అది గుడికి రావడం మానేసింది. తోటకి మాత్రం మానలేదు, మానదు కూడా. తోట ఇప్పుడు దానిది కూడా. అందుకని ఇంకో అలవాటు పెట్టింది మామ్మ. తోటలో అడుగుపెట్టేముందు గట్టిగా కేకవెయ్యాలి. చెంబుమీద గరిటెతో కొట్టి, "మావా! మేం వస్తన్నాం! పక్కకి తప్పుకో!" అని అరవాలి. ఎలుగుని మావా అని పిలిచింది మొదట చిన్నత్తే, తల కట్టు విప్పిన మొదటి రోజునే, పక్కన గవరయ్య తాత నడుస్తుండగా. ఆయన ఉలిక్కిపడి పక్కకి తప్పుకున్నాడు. తోటంతా నవ్వులు. తాత కూడా చివరికి నవ్వాడు, ఆ రోజుతో మామ్మతో మళ్ళీ మాట కలిపాడు.

ఆ వేసవి చివర ఒక ఉదయం కేకవేసి ఆగాం, నేనూ మామ్మా. దూరంగా జీడిచెట్ల కింద తల్లి ఎలుగు పళ్ళు తింటోంది. పిల్ల వీపు దిగి పక్కన పొర్లుతోంది. మా కేక విని తల్లి నిలబడి చూసింది, ఇంకో పండు నోట్లో వేసుకుని, నింపాదిగా పక్కతోటలోకి నడిచింది. పిల్ల దాని వెనకాల పరుగు. "సూడే, మాట ఇంటాది," అంది మామ్మ. నా తాయెత్తు మటుకు ఆ సాయంత్రమే తెంపి మామ్మ చేతికిచ్చేశాను. వెంట్రుక పీకించుకున్న ఆ తాడు ఎలుగుని తలుచుకుంటే నాకెందుకో మెడ బరువనిపించింది.

ఇప్పుడు ఉద్దానంలో ఎలుగు కొత్త సంగతి కాదు. పేపర్లో వారానికోసారి ఏదో ఒక ఊరి పేరు వస్తూనే ఉంటుంది. అన్ని ఊళ్ళూ మాలా ఉన్నాయని చెప్పను. ప్రాణాలు పోయిన ఇళ్ళున్నాయి, ఎలుగులు చచ్చిన తోటలున్నాయి. తుపాన్లకి చెట్లు పడిపోయి మా తోటలూ పలచబడ్డాయి. పిల్లలు చెంబు బదులు సెల్‌ఫోన్లో పాటలు పెట్టుకుని నడుస్తున్నారు, ఆ మేళంతో సమానంగా అరుస్తున్నాయవి, సరే, పని జరుగుతోంది. ఆ కొండలనుంచి మా ఇసకకి వచ్చినట్టే, మా ఇసకనుంచి ఇంకా దక్షిణానికి నడుస్తున్నట్టుంది వాటి సంతానం. అందుకే కాబోలు లలిత ఊళ్ళో కనిపించింది. మా అప్పటి ఊళ్ళో ఒక్క తెల్లవారికి పుట్టిన కబురు సంతలు దాటి వెళ్ళడానికి వారాలు పట్టింది. ఇప్పుడు భోజనం అరిగేలోపు జిల్లా అంతా తిరిగొస్తోంది. కబురు తిరిగినంత వేగంగా దాన్ని వెనక్కి తీసుకునే మనుషులేరీ అనే నా బెంగ.

ఈ మాటే చిన్నత్తతో అంటే, "ఉన్నానుగదే నాను, సచ్చిపోనానేటి?" అని కసిరింది. పొద్దు వాలకముందే దీపం తేవాలి కదా, ఇద్దరం తోటకి నడిచాం. తోట మొదట్లో నిలబడి, బోసినోటితో, "మావా! తప్పుకోవోయ్!" అని ఆవిడ వేసిన కేకకి కాకులు లేచాయి. గుళ్ళో కూర్చున్నాక, లలితకి వీడియో కాల్ చెయ్యమంది. "నువ్వు కాదే, మీ అత్తని పిలు," అంది దాన్ని చూస్తూనే. ఆవిడ వచ్చింది, మంచి మనిషి, ముఖం వెలిగిపోతోంది. "పిన్నిగారూ, సూసినారా మా అమ్మోరి మహిమ? ఇంత అదృష్టం ఏ ఊరికుంటాది సెప్పండి?" అంది. సరిగ్గా మామ్మ గొంతు విన్నట్టయింది నాకు, బుట్టలు బోర్లించిన నాటి గొంతు.

చిన్నత్త ఏం వాదించలేదు. ఫోన్ నా చేతికిచ్చి ఎదురుగా పట్టుకోమంది. రెండు చేతులతో తలమీది కొంగు తీసేసింది. కుట్లు విప్పిన నాటినుంచి నేనే చూడని తల అది. వెంట్రుక మొలవని నున్నటి గీతలు, సగం లేని చెవి. నేను ఫోన్ దించేయబోయాను. "సరిగా పట్టుకోయే, సూడనీ ఆళ్ళని," అంది. తర్వాత ఫోన్ వైపు తిరిగి, "సూడు తల్లీ. నాను కూడా ఇలగే సాయంత్రం సెంబట్టుకుని ఎల్లినాను, మీ కోడల్లాగే. అమ్మోరికని పోసినాం, పిల్లతల్లి ఎలుగు తాగినాది. దాని తప్పు నేదు. మా అమ్మ పదిమందిలో నిలబడి, అమ్మోరు అబద్ధం కాదు, నా మాట అబద్ధమని సెప్పినాది. ఆ మాటకి మా అమ్మ సిన్నదైపోనేదు. మీరూ అవ్వరు," అంది.

లలిత ముఖం అత్తగారి భుజం వెనకనుంచి తెల్లబోయి చూస్తోంది. ఆవిడ ఒకసారి చిన్నత్త తలవైపు చూసింది, ఒకసారి వెనక్కి తిరిగి కోడలి నున్నటి పాపిడి వైపు చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చివరికి, "మరి దీపం ఎలాగండి పిన్నీ?" అంది చిన్న గొంతుతో. "రేత్రంతా తల్లిని సీకట్లో ఉంచుతామేటి? ఇంటికి తెద్దామంటే మా దారిలో ఇసకగాలి, ఆరిపోద్ది గదా."

చిన్నత్త నావైపు చూసి నవ్వింది.

మర్నాడు నేను ఒళ్ళో చిల్లుల కుండ పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. మామ్మ చేయించిన కుండ ఎప్పుడో పగిలిపోయింది. ఇది అదే కొలతకి, అవే చిల్లులతో చిన్నత్త మళ్ళీ చేయించినది, ఆవిడ దగ్గర ఇంకోటి ఉంది. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు కుర్రాడు వంగి చూసి, "ఏటి మేడం, అన్నీ సిల్లులే, నీల్లు నిలవ్వు గదా ఇందులో?" అన్నాడు.

"నీళ్ళకి కాదు బాబూ, ఇది అమ్మవారిని ఇంటికి తెచ్చుకునే కుండ. మా మామ్మది," అన్నాను, బస్సంతా వినేటట్టు.